సామర్లకోట తోట: విలియం రాక్స్‌బర్గు జీవితము

మనము నివసించు బ్రూస్‌పేటకు బ్రూస్ అను ఆంగ్లేయాధికారిని బట్టి ఆ పేరు వచ్చినది. ఆయన యెట్టివాడో, ఏమి చేసెనో నేడు పేటలో చెప్పగలవారు మిక్కిలి అరుదు. పేరు మాత్రము అంగళ్ల పలకలపైనను, ఉత్తరముల చిరునామాలలోను నిలిచియున్నది. అంతకు కొంచెము ముందు తెలుగునాట మరియొక కుంపిణీ ఉద్యోగి యుండెను. ఆయన పేరు మనకు తెలిసిన ఏ పేటకును లేదు. కాని తానికాయచెట్టు, అందుగు, తపసి మొదలగు మన అడవిచెట్ల శాస్త్రీయనామముల చివర సంక్షిప్తరూపమున ఆయన పేరు నేటికిని వ్రాయబడుచున్నది. ఆయనయే విలియం రాక్స్‌బర్గు. వృత్తిచేత వైద్యుడు, ప్రవృత్తిచేత తోటమాలి.

ఈ చరిత్రము వ్రాయవలెనని మాకు తోచుటకు మా బడితోటయే కారణము. క్రిందటి యేడు వానలు పడగానే ప్రహరిగోడ వెంబడి కొన్ని మొక్కలు నాటించితిమి. అంగడినుండి తెచ్చిన క్రోటనులు రంగురంగుల ఆకులతో కంటికి ఇంపుగానే యుండెను గాని, ఒక్క సీతాకోకచిలుకయైనను వానిపై వ్రాలలేదు. నీళ్లతొట్టి ప్రక్కన ఎవ్వరును పట్టించుకొనని కరివేపమొక్క యొకటి యుండెను. దాని ఆకులపై పక్షిరెట్టవలె నలుపుతెలుపులుగా నున్న పురుగులు కొన్ని కనబడినవి. పిల్లలు వానిని దులిపివేయబోగా మేము వారించితిమి. ఆ పురుగులు పెద్దవై పచ్చబడి, గూడు కట్టుకొని, తుదకు నలుపుపై పసుపుమచ్చలు గల పెద్ద సీతాకోకచిలుకలై యెగిరిపోయినవి. అప్పటినుండి పిల్లలకు వెఱ్ఱి పట్టినది. ఏ మొక్కకు ఏ చిలుక వచ్చును? ఏ పువ్వుకు తుమ్మెద వచ్చును? ప్రశ్నలు వచ్చినంత త్వరగా మాకు జవాబులు రాలేదు. బడివెనుక బీడులో నున్న మొక్కలలో సగమునకు తెలుగుపేరు చెప్పలేకపోతిమి. కొన్నిటికి కన్నడపుపేరు తెలిసినది, కొన్నిటికి అదియును లేదు. తెలుగు చెప్పి జీతము పుచ్చుకొనువారికి ఇది సిగ్గుపడవలసిన విషయమే. ఆ సిగ్గు చేతనే పాతపుస్తకములు వెదకగా రాక్స్‌బర్గు ఎదురుపడెను.

ఆయన 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమునందలి అయిర్‌షైరు మండలమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. ఆ దినములలో మందులన్నియు చెట్లచేమల నుండియే వచ్చుచుండుటచే వైద్యవిద్యార్థులు వృక్షశాస్త్రము చదువక తప్పదు. అచ్చటి ఆచార్యుడు జాన్ హోప్, స్వీడనుదేశపు లిన్నేయసు మార్గమును బోధించువాడు. ఆ మార్గమున మొక్కను గుర్తించుటకు మొదట పువ్వును విప్పి చూడవలెను. అందలి కేసరము లెన్ని, కీలము లెన్ని అని లెక్కింపవలెను. పుప్పొడి యెచ్చట నున్నదో తేనె యెచ్చట నున్నదో కనిపెట్టకుండ ఆ లెక్క తేలదు. తేనెటీగ చేయు పనినే విద్యార్థి కన్నులతో చేయవలె నన్నమాట. ఈ అలవాటు రాక్స్‌బర్గును జీవితాంతము వదలలేదు.

ఓడలపై వైద్యసహాయకుడుగా పనిచేసిన పిదప 1776లో మద్రాసు ఆసుపత్రిలో ఉద్యోగమున చేరెను. అక్కడ తీరిక దొరికినప్పుడెల్ల గాలిబరువు, ఎండ, వాన కొలిచి వ్రాసికొనుచుండెను. ఆ దినచర్యలు లండనులోని రాయల్ సొసైటీవారి సంచికలలో అచ్చుపడినవి. 1781లో ఆయనను సామర్లకోటలోని దండునకు వైద్యునిగా పంపిరి. అప్పటికి మన బళ్లారికోట హైదరాలీ చేతిలో నుండెను. సామర్లకోట కాకినాడకు చేరువ. ఒకవంక గోదావరి డెల్టా, వేరొకవంక మన్యపుకొండలు, కొంతదూరమున సముద్రము. మూడురకముల నేలల మొక్కలును ఒక్కచోట దొరకు స్థానము వేరొకటి వెదకిన దొరకదు. మేము ఉపాధ్యాయశిక్షణకై ఆంధ్రరాష్ట్రమున నున్న దినములలో ఒకమారు సామర్లకోట కూడలిలో రైలు మారుటకై రెండుగంటలు కూర్చుండితిమి. టీ త్రాగితిమి, వార్తాపత్రిక చదివితిమి. ఆ యూర నట్టి తోట యుండెనని అప్పుడు మాకు తెలియదు.

సామర్లకోట చేరిన కొలది సంవత్సరములకే ఆయనకు ఒక గురుతుల్యుడు దూరమయ్యెను. లిన్నేయసుకు స్వయముగా శిష్యుడైన కోయెనిగ్ అను పండితుడు తరంగంబాడి మొదలుకొని దక్షిణదేశమంతయు తిరిగి మొక్కలు సేకరించుచుండెను. ఆయన 1785 జూను 26వ తేదీన కాకినాడ జగన్నాథపురమున విరేచనముల వ్యాధిచే కన్నుమూసెను. చివరిదినములలో వైద్యము చేసినవాడు రాక్స్‌బర్గే. మోదుగ తెగకు నేడు ప్రపంచమంతటను వాడుకలో నున్న శాస్త్రీయనామము తొలుత కోయెనిగ్ కల్పించినదే. దానిని లోకమునకు వెల్లడించినవాడు రాక్స్‌బర్గు.

రెండేండ్లు గడచెను. 1787 మే నెలలో కోరంగి, ఇంజరము ప్రాంతములపై ఘోరమైన తుపాను విరుచుకొనిపడి, సముద్రము ఉప్పెనయై ఊళ్లను ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి. రాక్స్‌బర్గు ఏండ్లతరబడి కూర్చుకొన్న కాగితములు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు ఆ నీటిలో కొట్టుకొనిపోయినవి. ఇట్టి దెబ్బ తగిలిన పిదప పని మానుకొన్నను ఎవ్వరును తప్పు పట్టరు. ఆయన మొదటి మొక్కనుండి మరల ఆరంభించెను. మనము నేడు చదువు ఆయన గ్రంథములన్నియు ఇట్లు రెండవమారు చేసిన పనికి ఫలమే యని మా యభిప్రాయము.

సామర్లకోట చెంత ఆయన పెంచిన తోటను గూర్చి ఉన్నమాట చెప్పవలెను. అది సీతాకోకచిలుకలకై వేసిన తోట కాదు, వినోదమునకును కాదు. కుంపిణీకి లాభము రావలెను. అందుకై మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు, మల్బరీ మొదలగునవి పెంచెను. ఉత్తరపుకొండలలో అడవిమిరియపుతీగ దొరకగా దానిని తెచ్చి నాటెను. ఆ తీగలలో మగపువ్వులు మాత్రమే పూయునవి కొన్ని, ఆడపువ్వులు పూయునవి కొన్ని, రెండును కలిసిన పువ్వులు పూయునవి కొన్ని యున్నట్లు కనిపెట్టి, ఈ మూడు విధములను సూచించునట్లే దానికి పేరు పెట్టెను. పువ్వు లోపలి సంగతి తెలియనిదే పంట చేతికి రాదని తోటవాడు నేర్చుకొను పాఠమిది. గుమ్మడిపాదు నిండ పూసియు కాయ నిలువని యిండ్లవారికి దీని యర్థము తెలియును.

1790 ప్రాంతమున ఉత్తరసర్కారులలో వరుసగా వానలు తప్పి భయంకరమైన కరువు వచ్చెను. దక్కనునందు దానినే పుర్రెల కరువని చెప్పుకొనిరి. జనులు దారులవెంట పడి చచ్చుచుండగా చూచిన రాక్స్‌బర్గు, ధాన్యమొక్కటే నమ్ముకొన్న దేశమునకు చెట్లుండవలెనని కుంపిణీవారికి వ్రాసెను. కొబ్బరి, తాడి, ఈత, అరటి, పనస, సాగో విరివిగా నాటింపుమని ఆయన సలహా. కాలువగట్లు, బంజరులు ఇందుకు పనికివచ్చునని తలచెను. కుంపిణీవారికి అట్టి పనులందు శ్రద్ధ స్వల్పము. మద్రాసులో నున్నప్పుడు వానను కొలిచి వ్రాసికొన్న యలవాటు ఇచ్చట ఆయనకు అక్కఱకు వచ్చెననవచ్చును.

1789లో పాట్రిక్ రస్సెలు అను పండితుని స్థానమున రాక్స్‌బర్గు మద్రాసు ప్రభుత్వమునకు ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యెను. అప్పటికే దేశీయులైన చిత్రకారులను పనిలో నుంచుకొని, అడవినుండి తెచ్చిన కొమ్మను వాడకముందే చిత్రింపజేయుచుండెను. ఆకు, పువ్వు, కాయ, కోసిన పువ్వు లోపలి భాగములు అన్నియు విడివిడిగా ఆ పటములలో నుండును. ఇట్టివి వందలకొలది లండనునకు పోగా, వానిలో 300 ఏరి కోరమండలతీరపు మొక్కలు అను పేరున 1795 మొదలు 1820 వరకు మూడు పెద్ద సంపుటములుగా అచ్చువేసిరి. ఆ పనిని నడపినవాడు జోసెఫ్ బ్యాంక్సు. గ్రంథకర్త పేరున్నది, ప్రకటించినవారి పేరున్నది, చిత్రములు వ్రాసిన చేతుల పేరులు లేవు. రాక్స్‌బర్గుపై మాకు గల గౌరవమునకు ఇది యొక లోటుగానే యున్నది. మొక్కల తెలుగుపేరులు చెప్పిన చెంచులో, కోయలో, నాటువైద్యులో, ఆవులకాపరులో, వారి పేరులును లేవు. చెప్పిన పేరులు మాత్రమున్నవి. ఇప్ప, మోదుగ, గుంపెన అని ప్రతిమొక్క క్రిందను తెలుగువారు దాని నేమందురో ఆయన శ్రద్ధగా వ్రాసికొనెను. జ్వరమునకు పనికివచ్చు సోమిదచెక్కను పరీక్షకై ఎడింబరోకు పంపెను. ఆ చెట్టు తెగకు నేటికిని ప్రపంచమంతటను సోమిద అను తెలుగుమాటయే శాస్త్రీయనామముగా చెల్లుచున్నది.

ఇక పురుగుల మాట. 1789 చివరను ఎవరో కొండలనుండి తాజా లక్క అంటియున్న పుల్లలు తెచ్చి ఆయనకిచ్చిరి. వానిని వెడల్పుమూతి గాజుసీసాలలో నుంచి, పైన తేలికగా మూత వైచి కాచుకొనియుండెను. పదునాలుగు దినములకు, కంటికి కనబడీ కనబడని ఎఱ్ఱని జీవులు వేలకొలది పుల్లలపై ప్రాకసాగెను. లక్క చెట్టుబంక కాదనియు, చెట్టురసము పీల్చి బ్రతుకు పురుగు తన ఒడలిచుట్టును కట్టుకొను కవచమనియు తెలిసికొనుటకు అట్టి కాపలా కావలెను. సామర్లకోటనుండి ఆయన వ్రాసిన ఈ వృత్తాంతమును రాయల్ సొసైటీవారు 1791లో ప్రకటించిరి. ఆయన శ్రద్ధగా పరిశోధించిన మరియొక చెట్టు అంకుడు. దాని ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని చూపెను. ఏటికొప్పాక బొమ్మలను అంకుడుకఱ్ఱతో చేసి లక్కరంగు పూయుదురు. మన కర్ణాటకమునందలి చన్నపట్నపు బొమ్మలును ఆ కఱ్ఱతోనే, ఆ లక్కతోనే తయారగును. అక్కడ దానిని ఆలెమర మందురు. మా విద్యార్థు లిద్దరు తమ యిండ్లనుండి చెరియొక బొమ్మను తెచ్చి ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనిరి.

1793లో రెండు సంగతులు జరిగినవి. రాక్స్‌బర్గు సామర్లకోటను వదలి కలకత్తా సమీపమున శిబపూరులోని కుంపిణీ తోటకు అధిపతిగా పోయెను. ఆ యేడే జర్మనీదేశమున స్ప్రెంగెల్ అను ఒక బడిపంతులు, పువ్వుల రంగులు, గీతలు, తేనె అన్నియు పురుగులను పిలుచుట కేర్పడినవనియు, పుప్పొడిని పువ్వునుండి పువ్వునకు చేర్చువారు ఆ పురుగులేననియు పటములతో సహా వివరించి గ్రంథము ప్రకటించెను. అది చదివినవారు తక్కువ, నమ్మినవారు అంతకంటె తక్కువ. డెబ్బదియేండ్లకు డార్విను పూనుకొన్న పిమ్మటగాని ఆ మాటకు విలువ రాలేదు. బడిపంతులు చెప్పినదానికి ఆలస్యముగా విలువ వచ్చుట మాకు క్రొత్తకాదు గనుక ఆ సంగతి విడిచెదము. ఒకడు పువ్వులను తెఱచి లెక్కించుచుండగా, వేరొకడు ఆ పువ్వు ఎవరికొఱకు తెఱచుకొనునో అడిగెను. ఈ రెండు పనులును కలిసినగాని నేడు తేనెటీగలకు తోట వేయుట సాధ్యముకాదు.

కలకత్తాలో ఆయన ఇరువదియేండ్లు పనిచేసెను. ముందు అధిపతియైన కిడ్ దొర కాలమున సుమారు మూడువందల జాతులున్న తోట, రాక్స్‌బర్గు విడిచిపోవునప్పటికి మూడువేల ఐదువందల జాతులతో నిండెను. ఇప్పుడది ఆచార్య జగదీశచంద్ర బోసు పేరిట నున్నది. నడుమ ఆరోగ్యము చెడి కొన్నిమారులు సెలవుపై పోయెను. వివాహములు మూడు, సంతానము పెక్కుమంది.

ఆ కాలపు రచనలలో మాకు మిక్కిలి నచ్చినది దసలిపట్టుపురుగును, ఆముదపుపట్టుపురుగును గూర్చినది. 1804లో లండనునందలి లిన్నేయన్ సొసైటీవారు దానిని ప్రకటించిరి. దసలిపురుగు మద్దిచెట్టు ఆకు, రేగు ఆకు తినును. రెండవది పేరునకు తగినట్లు ఆముదపుటాకు తినును. మల్బరీపురుగువలె దసలిని ఇంట తట్టలలో పెంచుట కుదరదు. చెట్టుమీదనే వదలి, కాకులు, చీమలు తినివేయకుండ మనుష్యులు కావలి కాయవలెను. గోదావరితీరమున మహదేవపురము వైపు దసలిపట్టు నేయువారికి ఇది తాతలనాటి విద్య. గూటినుండి వెలువడిన దసలిచిలుకకు ఆహారమే లేదు. అది పువ్వుల జోలికి పోదు. కొన్నిదినములు బ్రతికి గ్రుడ్లు పెట్టి చచ్చును. దాని బ్రదుకంతయు పురుగుగా నున్నప్పుడు తిన్న ఆకుమీదనే ఆధారపడియున్నది. పగటివేళ తిరుగు మన సీతాకోకచిలుకలు పువ్వుతేనె త్రాగునుగాని, వానికిని మొదటి యన్నము ఆకే. కరివేప, నిమ్మ ఆకులు తిను జాతి వేరు. జిల్లేడాకు తిను జాతి వేరు. తంగేటియాకు తిని పసుపుపచ్చగా నెగురు జాతి వేరు. ఒకదాని యాకు మరియొకదానికి పనికిరాదు. క్రోటనుల వరుసలో మాకు చిలుకలు రాకపోవుట కిదియే హేతువు. అంగడివాడు పువ్వుల రంగులు చూపును. ఆకు తినబడునని చెప్పి మొక్క నమ్ముకొనువాడు ఉండడు గదా!

ఇదే తోటకు సంబంధించిన ఒక చెడుసంగతియు చెప్పకతప్పదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలిదశాబ్దమున, అమెరికాఖండపు ఉష్ణదేశములనుండి లాంటానా అను పూలపొద కలకత్తాతోటకు వచ్చినదని చెప్పుదురు. అప్పటి అధిపతి రాక్స్‌బర్గే. మనవారు దానిని పులికంప యందురు. గుత్తులు గుత్తులుగా పసుపు, ఎఱుపు, గులాబి రంగుల పువ్వులు పూయును. కంచెకు బాగుండునని నాటిన పొద కంచె దాటి, పక్షులు విత్తులు చల్లగా, దేశమందలి అడవులలోనికి లక్షలాది ఎకరములకు వ్యాపించినది. పశువులు మేసిన విషమగును. దాని క్రింద ఇతరమైన మొక్క మొలకెత్తుట కష్టము. చమత్కారమేమనగా సీతాకోకచిలుకలకు దాని తేనె మహాప్రీతి. బడితోటలో నాటుదమని మా పిల్లలు పట్టుబట్టిరి. ఒక్క పొద పెట్టిన పది చిలుకలు వచ్చునని వాదించిరి. అది అబద్ధము కాదు. కాని ఆ పది చిలుకల పిల్లలకు కావలసిన తంగేడు, జిల్లేడు, మోదుగ మొలిచెడు చోటును పులికంప ఆక్రమించుకొనును. విందు పెట్టి ఇల్లు లాగికొనునట్టిది. మేము అనుమతింపలేదు. బదులుగా తంగేడు నాటితిమి. మరుసటి కార్తికమునకు నల్లని గండుతుమ్మెదలు వచ్చి, పువ్వును కౌగిలించుకొని గుంయిమని ఒడలు విదలించి పుప్పొడి రాల్చుకొనిపోవుట పిల్లలు గుంపుగా నిలిచి చూచిరి. తంగేటిపువ్వున తేనె లేదు, పుప్పొడియే యున్నది, అదియు ఇట్లు విదలించినగాని బాగుగా రాలదు.

1813లో ఆరోగ్యము పూర్తిగా చెడి రాక్స్‌బర్గు హిందూదేశమును విడిచెను. దారిలో సెయింట్ హెలీనా దీవియందు కొంతకాలముండి, అచ్చటను ఊరకుండక ఆ దీవి మొక్కల పట్టిక తయారుచేసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది.

గ్రంథములు మాత్రము ఇంకను చేతివ్రాతలోనే యుండెను. వానిని శ్రీరామపురములోని క్రైస్తవమతప్రచారకుడగు విలియం కేరీకి అప్పగించి పోయెను. కేరీకిని తోట యనిన ప్రాణము. కలకత్తాతోట మొక్కల పట్టికను 1814లో ఆయన అచ్చువేసెను. తాను రచించిన తెలుగువ్యాకరణమును అచ్చువేసినదియు ఆ యేడే. మొక్కల పట్టికయు మన వ్యాకరణమును ఒకే యింట, ఒకే సంవత్సరమున వెలువడుట తెలుగు పంతుళ్లమైన మాకు ముచ్చట గొలిపినది. హిందూదేశపు మొక్కలను గూర్చిన రాక్స్‌బర్గు మహాగ్రంథము 1820, 1824 సంవత్సరములలో కొంతవరకును, 1832లో మూడు సంపుటములుగా సంపూర్ణముగాను వెలువడెను. కుమారులైన ఇద్దరు సైనికోద్యోగులు పూనుకొని తండ్రి పుస్తకమును అచ్చొత్తించిరి. వారిలో నొకని పేరు బ్రూస్. మన పేటకును అతనికిని ఏ సంబంధమును లేదు. పిల్లలు అడుగుదురని ముందుగా చెప్పుచున్నాము. తరువాత 1859లో వాల్టర్ ఎలియటు అను అధికారి తెలుగు మొక్కల పేరులనే ప్రత్యేకముగా కూర్చి మద్రాసునందు ఒక పుస్తకము ప్రకటించెను. రాక్స్‌బర్గు వ్రాయించిన పటముల ప్రతులు కలకత్తాతోటయందును, ఇంగ్లండులోని క్యూ తోటయందును భద్రముగా నున్నవి.

ఆ గ్రంథమున మన పేరులు రోమను లిపిలో నున్నవి. దొరలు విన్నట్లు వ్రాసికొన్నందున కొన్ని గుర్తుపట్టుట కష్టము. మేము వానిలో నలువదింటిని ఏరి, తొమ్మిదవ తరగతివారిచే ఒక పుస్తకమున గడులు గీయించితిమి. మొదటిగడిలో తెలుగుపేరు, రెండవగడిలో కన్నడపుపేరు, మూడవగడిలో శాస్త్రీయనామము, నాలుగవగడిలో ఆ మొక్కపై తాము స్వయముగా చూచిన తేనెటీగ, తుమ్మెద, చిలుక లేక పురుగు. పిల్లలు అవ్వలను, తాతలను, కన్నడశాలలో చదువు తమ స్నేహితులను అడిగి నింపుచున్నారు. ఇప్పకు ఇప్పెయనియు, మోదుగకు ముత్తుగయనియు, కానుగకు హొంగెయనియు, జిల్లేటికి ఎక్కెయనియు వచ్చినవి. కానుగ యెదుట నాలుగవగడిలో తేనెటీగ యని ఎనమండుగురు వేర్వేరుగా వ్రాసిరి. సోమిదను ఎవ్వరును చూడలేదు. గుంపెన యెదుట కన్నడపుగడి ఇంకను ఖాళీగా నున్నది.